మానిన తర్వాతే అసలు వైద్యం

ఘాజియాబాద్‌లో ఏ ఫ్లైఓవర్ కింద చూసినా, ఏ ఆటో వెనక చూసినా ‘నశా ముక్తి కేంద్ర’ (మత్తు మాన్పించే కేంద్రం) అంటూ ఓ ఫోన్ నంబరు కనిపిస్తుంది. పక్కనే ఇంకో రకం ప్రకటన: తాగేవాడికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం, పప్పులోనో చాయ్‌లోనో చుక్కలు కలిపితే చాలు. వైశాలిలో ఉన్న నాకు చుట్టాల ఫోన్లు ఎక్కువగా ఈ రెండోదాని గురించే వస్తాయి. “పిన్నీ, ఆ చుక్కలు ఢిల్లీలో దొరుకుతాయటగా, ఎవరైనా వస్తుంటే పంపించవూ” అంటుంది అనకాపల్లి నుంచి మా అక్క కూతురు.

ఆ సీసాల మీద లోపల ఏముందో రాసి ఉండదు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందే అయితే మాత్రం ఆటలు కాదు. ఒంట్లో చేరిన మద్యం ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తర్వాత అదీ విరిగిపోతుంది. ఆ విరగడాన్ని డైసల్ఫిరామ్ ఆపేస్తుంది. దాని మీద ఒక్క పెగ్గు పడినా ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడైతే ప్రాణమే పోవచ్చు. అందుకే రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు గట్టిగా చెబుతాయి. అయినా మాత్ర వేసుకున్నానన్న ఎరుకే కదా అతని చేతిని సీసా దగ్గర ఆపేది! చెప్పకుండా కలిపితే ఆ కాస్త లాభమూ ఉండదు.

మార్గదర్శకాలంటే ఏ రోగికి ఏ దశలో ఏ మందు, ఎన్నాళ్లు అని పరిశోధనలన్నీ వడగట్టి నిపుణులు రాసిపెట్టినవి. మన దేశంలో ఈ విద్యకు పెద్ద బడి మా ఊళ్లోనే ఉంది. కమలా నెహ్రూ నగర్‌లోని ఎయిమ్స్ వారి జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం 1988లో ఢిల్లీ హరినగర్‌లోని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఆస్పత్రిలో మొదలై, 2003లో ఇక్కడికి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం కోసం దేశవ్యాప్త సర్వే చేసి, 2019లో నివేదిక ఇచ్చింది ఈ సంస్థే. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అందులో తేలింది.

ఇళ్లలో తెలియంది ఒకటుంది. తాగుడుకీ, స్మాక్‌కీ (కల్తీ హెరాయిన్) ప్రమాదం వేర్వేరు వేళల్లో వస్తుంది.

ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి గొళ్లెం వేస్తే, కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరు లేనివి చూస్తారు, అయినవాళ్లనే గుర్తుపట్టరు. ఆ స్థితిలో వైద్యం లేకపోతే చనిపోవచ్చు. అందుకే డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటివి ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. కాలేయం పాడైతే లోరాజెపామ్. ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ ఎక్కించేస్తారు చూడండి, దానికి ముందు థయమిన్, అంటే విటమిన్ బి1, ఇంజెక్షన్ పడాలి. లేకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

స్మాక్ మానితే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి నరకం చూపిస్తాయి గానీ ప్రాణం పోవడం అరుదు. గండం ఆ తర్వాత ఉంది. కొన్ని వారాలు మానేసరికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గుతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కాబట్టి పది రోజులు ఉంచి ఒళ్లు కడిగి పంపేయడం వైద్యం కాదని, ఎక్కువమందికి మెథడోన్ గానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ దీర్ఘకాలం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే రాసింది.

ఢిల్లీలో బ్యుప్రెనార్ఫిన్ ఇలా ఇవ్వడం 1993లో శరణ్ అనే స్వచ్ఛంద సంస్థతో మొదలైంది. ఇప్పుడు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేస్తుంది. కరిగేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు. తర్వాత నోరు తెరిచి చూపించాలి. దాచుకుని అమ్ముకోకుండా ఈ జాగ్రత్త. ఆ పైన రిక్షావాడు రిక్షాకి, గాంధీనగర్ బట్టల బజారులో మూటలు మోసేవాడు మూటలకి. ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందని తల్లులు వాపోతారు. మత్తు కాదమ్మా, రోజంతా ఒళ్లు నిలకడగా ఉండే మందు. సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు సూది మానితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి భయమూ తగ్గుతుంది.

“ఆర్నెల్లు లోపల పడేయండి, బుద్ధొస్తుంది” అనే నాన్నలకు కూడా ఓ మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులనూ మానసిక జబ్బు కిందే లెక్కేసింది. గొలుసులతో కట్టడం నిషేధం. ఇంటివాళ్లు కోరి చేర్పించినా వైద్యులు పరీక్షించి ఒప్పుకోవాలి, మొదటి విడత 30 రోజులు దాటకూడదు.

దారి తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. కేంద్రానికి వెళ్లాక మూడు ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్టు ఎవరు, ఎప్పుడొస్తారు? ఇంటికి పంపాక మళ్లీ ఎప్పుడు తీసుకురావాలి? మూడోదానికి “ఇంక రానక్కర్లేదు” అన్నారంటే, నేనైతే మా వాణ్ణి అక్కడ చేర్చను.