నల్లతోక గాడ్విట్

నల్లతోక గాడ్విట్ నిస్సారమైన నీటిలో నడుస్తూ ఆహారం వెదకే ఒక వలస పక్షి. ఇది ఉల్లంకి పిట్టల కుటుంబమైన స్కోలోపాసిడేకి చెందినది. దీని శాస్త్రీయ నామం లైమోసా లైమోసా. 1758లో లిన్నేయస్ దీనిని మొదటిసారిగా వర్ణించాడు. ఆంధ్ర ప్రదేశ్‌లో గోదావరి డెల్టా దీని శీతాకాలపు విడిది ప్రాంతాలలో ఒకటి. కోనసీమలోని ముక్తేశ్వరం, ఎదురుగా ఉన్న కోటిపల్లి రేవుల మధ్యగా ప్రవహించే గౌతమి పాయ దిగువన సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారం వద్ద గల కోరింగ మడ అడవులలోను, కాకినాడ తీరపు బురద నేలలలోను ఈ పక్షులు కనిపిస్తాయి.

లక్షణాలు

పొడవు సుమారు 40 నుండి 44 సెం.మీ. ఉంటుంది. కాళ్ళు, మెడ పొడవుగా ఉంటాయి. ముక్కు మొదట గులాబి రంగులోను, కొనవద్ద నల్లగాను ఉంటుంది. సంతానోత్పత్తి కాలంలో తల, మెడ, రొమ్ము ఇటుక రంగులోకి మారతాయి. శీతాకాలంలో ఒళ్ళంతా బూడిద-గోధుమ రంగులో ఉంటుంది గనుక మన ప్రాంతంలో ఎక్కువగా ఈ రూపమే కనిపిస్తుంది. ఆడపక్షి మగదానికంటే పెద్దది. దాని ముక్కు కూడా పొడవైనది.

గుర్తించే విధానం

దీనిని చారల తోక గాడ్విట్‌గా పొరబడే అవకాశం ఉంది. నేలపై నిలిచినప్పుడు ముక్కును చూడాలి: నల్లతోక గాడ్విట్ ముక్కు దాదాపు తిన్నగా ఉంటుంది, చారల తోక గాడ్విట్ ముక్కు కొద్దిగా పైకి వంగి ఉంటుంది. ఎగిరినప్పుడు గుర్తింపు సులభం. నల్లతోక గాడ్విట్ రెక్కలపై వెడల్పైన తెల్లని పట్టీ, తోక మొదట తెలుపు, చివర నల్లని పట్టీ స్పష్టంగా కనిపిస్తాయి. రెండవదానికి రెక్కపై తెల్లని పట్టీ ఉండదు. క్రిందికి వంగిన ముక్కు ఉంటే అది కర్లూ పక్షి.

ఆహారం, అలవాట్లు

పోటు తగ్గి బురద బయటపడినప్పుడు గుంపులుగా మేస్తాయి. ముక్కును బురదలో లోతుగా గుచ్చి, సున్నితమైన ముక్కుకొనతో పురుగులను, చిన్న నత్తలను, గుల్లలను పట్టుకొంటాయి. నీరు నిలిచిన వరిచేలలో రాలిన గింజలను కూడా తింటాయి. పోటు సమయంలో మెరక ప్రదేశాలకు చేరి విశ్రాంతి తీసుకొంటాయి.

వలస, సంతానోత్పత్తి

ఐస్‌లాండ్ నుండి రష్యా తూర్పు ప్రాంతం వరకు గల పచ్చిక భూములలో వేసవిలో గూడు కడతాయి. నేలపై గడ్డిలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. గుడ్లు 22 నుండి 24 రోజులలో పిల్లలవుతాయి. శీతాకాలంలో భారతదేశానికి వచ్చి, వేసవి ఆరంభంలో తిరిగి వెళతాయి.

సంరక్షణ

ఐ.యు.సి.ఎన్. దీనిని ప్రమాదానికి చేరువలో ఉన్న జాతిగా వర్గీకరించింది. ఐరోపాలో పచ్చిక భూములు సాంద్ర వ్యవసాయానికి మారడం, పిల్లలు ఎగరకముందే గడ్డి కోయడం తగ్గుదలకు ముఖ్య కారణాలు. శీతాకాలపు విడిదులలో చిత్తడి నేలలు తరగిపోతున్నాయి. డెల్టాలో వరిచేలు లోతైన చేపల, రొయ్యల చెరువులుగా మారినచోట ఈ పక్షి నిలబడి మేయలేదు. అందువలన 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం వంటి బురద తీరాలు దీని మనుగడకు కీలకం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దీనిని వేటాడటం నేరం.