నదిలో కలిపే ముందు ఒక్కమారు

గడచిన కార్తిక మాసంలో ఒక వృద్ధ భక్తురాలు గుడ్డమూటతో మన ట్రస్టు గ్రంథాలయానికి వచ్చారు. ఆమె మామగారు నిత్యం పారాయణ చేసిన పుస్తకాలు అందులో ఉన్నాయి. "ఇంట్లో చదివేవారు లేరయ్యా. కాళ్ల కింద పడితే దోషం. గోదావరిలో కలిపించండి" అని కోరారు. శిథిలమైన పవిత్రగ్రంథాన్ని నదికి సమర్పించడం మన పెద్దల నుండి వచ్చిన ఆచారమే. ఆమె భక్తిలో లోపం లేదు. అయితే ఆ మూటలో మన స్వామివారిపై చెప్పిన ఒక శతకం కనిపించింది. ఎంత వెదకినా దానికి మరొక ప్రతి మాకు లభించలేదు.

ఆత్రంతో పుట తెరిచాను. అంచు విరిగి, ఒక పద్యంలోని రెండక్షరాలు పొడియై రాలిపోయాయి. ఆ తప్పు నాది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుండి కాగితాన్ని ఎక్కువగా కలపగుజ్జుతో, పటిక చేర్చి తయారుచేశారు. అందులోని ఆమ్లగుణం కాగితాన్ని లోలోపలే తినివేస్తుంది. అందుచేత జాగ్రత్తగా కాపాడిన తాళపత్రం శతాబ్దాలు నిలిచినా, నూరేళ్ల నాటి అచ్చుపుస్తకం చేతిలోనే పొడి అవుతున్నది.

ఆ శతకం ముఖపత్రంపై కాలం "ప్లవ నామ సంవత్సరం" అని మాత్రమే ఉన్నది. ప్లవ అరవై ఏళ్లకొకసారి వస్తుంది. 1841, 1901, 1961లలో ఏది? 1867 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేసినట్లు అట్టపై ఉన్నందున 1841 కాదు. వెల అణాలలో ఉన్నది. నయాపైసలు 1957లోనే వచ్చాయి గనుక 1961 కూడా కాదనుకోవచ్చు. కనుక అది 1901లో మొదలైన ప్లవ అని నిర్ణయించాము. ఇటువంటి వివరాలను సరిగా నమోదు చేయడం ఛాయాచిత్రం తీయడమంత ముఖ్యమైన పని. ఆచార్య రాజ్ రెడ్డి గారి సంకల్పంతో సాగిన పది లక్షల గ్రంథాల ప్రణాళిక, భారత డిజిటల్ లైబ్రరీల వల్ల వేలాది తెలుగు పుస్తకాలు రక్షింపబడ్డాయి. వాటిలో ఎన్నో నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. అయినా పేర్లు ఆంగ్లలిపిలో తప్పుగా నమోదైనందున, ఉండి కూడా దొరకని పుస్తకాలు కొల్లలు.

పాత పుస్తకాన్ని పూర్తిగా విప్పరాదు. వాలుగా అమర్చిన పీఠంపై సగం మాత్రమే తెరిచి, పైనుండి కెమెరాతో పుట వెంట పుట చిత్రిస్తారు. ఖాళీ పుటలను, అంచులలోని చేతివ్రాతలను కూడా వదలరు. తరువాత కంప్యూటరు అక్షరాలను గుర్తిస్తుంది. ఇక్కడ మానవసహాయం తప్పదు. పాత అచ్చులో "ధర్మము" అనే మాటను వలపలగిలకతో అచ్చువేసేవారు. ఆ గుర్తు తెలుగు తొమ్మిది అంకెను పోలి ఉండడంతో యంత్రం ధర్మం నడుమ తొమ్మిదిని చేరుస్తుంది. ఇటువంటి దోషాలను తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందసేవకులు ఓపికగా సవరిస్తున్నారు.

"అందరికీ ఉచితంగా ఇవ్వడం న్యాయమేనా?" అని కొందరు దాతలు అడిగారు. ఉచితమైన ప్రశ్నే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత జీవించి ఉండగా వెలువడిన గ్రంథంపై హక్కు ఆయన మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏళ్లు నిలుస్తుంది. తరువాత అది సర్వజనుల సొత్తు. అయితే మూలం ప్రాచీనమైనా, దానిపై వెలసిన తాత్పర్యానికి వేరే హక్కు ఉంటుంది. 1980లో మరణించిన వ్యాఖ్యాత రచనకు 2040 చివరి వరకు రక్షణ ఉన్నది. అటువంటివాటిని వారసుల అనుమతి లేనిదే మేము ప్రకటించము.

గడువు తీరిన గ్రంథాలకు మాత్రం రుసుము పెట్టము. అన్నదానంలో ఒకరికి వడ్డించిన విస్తరి మరొకరికి చెందదు. పుస్తకం అట్లా కాదు. ఒకే ప్రతిని వేయిమంది చదివినా అది తరగదు. పైగా, ప్రతులు పదిచోట్ల ఉన్నప్పుడే అగ్నికి, వరదకు, చెదలకు అందకుండా గ్రంథం బ్రతుకుతుంది. తాళం వేసిన బీరువాలోని ఏకైక ప్రతికి ఆ భరోసా లేదు.

భక్తులకు నా మనవి ఇది. అటకపైని పుస్తకాలను నదికి సమర్పించే ముందు ఒక్కమారు మాకు చూపండి. ఊడిన పుటలకు జిగురు, టేపు అంటించకండి. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి తీసుకురండి. చిత్రించిన పిమ్మట పుస్తకాన్ని మీకే అప్పగిస్తాము. తరువాత మీ ఆచారం ప్రకారం చేయవచ్చు.

ఆ భక్తురాలు తమ శతకాన్ని నదికి ఇవ్వలేదు. ఇంటికి తీసుకువెళ్లి దేవుని గదిలో ఉంచుకున్నారు. రాలిపోయిన ఆ రెండక్షరాల చోటును మేము ఊహించి పూరించక ఖాళీగానే ఉంచాము. మీలో ఎవరి ఇంటనైనా మరొక ప్రతి ఉంటే ఆ పద్యం పూర్తవుతుంది.