స్వల్ప ఇంధనంతో కక్ష్య తప్పని ఆదిత్య-ఎల్1

కరీంనగర్: అంతరిక్షంలోకి పంపిన వ్యోమనౌకకు సాధారణంగా తిరిగి ఇంధనం నింపే అవకాశం ఉండదు. పరికరాలన్నీ సక్రమంగా పనిచేస్తున్నప్పటికీ, ఇంధనం నిండుకొన్న తరువాత దానిని నిర్ణీత కక్ష్యలో నిలపడం సాధ్యం కాదు. భారతదేశపు తొలి సౌర పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1 విషయంలో ఇస్రో శాస్త్రవేత్తలు కక్ష్య ఎంపిక ద్వారానే ఈ సమస్యను చాలావరకు పరిష్కరించారు.

శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న పి.ఎస్.ఎల్.వి.-సి57 రాకెట్ ద్వారా ప్రయోగించబడిన ఈ నౌక, 2024 జనవరి 6న ఎల్1 బిందువు చుట్టూ గల హేలో కక్ష్యలో ప్రవేశించింది. ఎల్1 బిందువు భూమికి సూర్యుని దిశలో సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

ఎల్1 ప్రత్యేకత

భూమికన్నా సూర్యునికి దగ్గరగా ఉన్న వస్తువు సాధారణంగా ఏడాదికన్నా తక్కువ కాలంలోనే సూర్యప్రదక్షిణ పూర్తిచేస్తుంది. ఎల్1 వద్ద మాత్రం భూమి ఆకర్షణ సూర్యుని ఆకర్షణను కొంత తగ్గించడం వలన, అక్కడి నౌక భూమితో సమానంగా ఏడాదికొక ప్రదక్షిణ చేస్తుంది. ఇందుకు ఇంజను నిరంతరం మండనవసరం లేదు. అయితే నౌకను సరిగ్గా ఎల్1 వద్దనే నిలిపినట్లయితే, దాని వెనుకనే ఉండే సూర్యుని రేడియో తరంగాలు సంకేతాలకు ఆటంకం కలిగిస్తాయి. అందువలన ఆ బిందువు చుట్టూ విశాలమైన హేలో కక్ష్యను ఎంచుకొన్నారు. అక్కడి నుండి సూర్యుడు గ్రహణం లేకుండా ఎల్లవేళలా కనిపిస్తాడు.

సకాలంలో స్వల్ప సవరణ

ఎల్1 వద్ద సమతౌల్యం గుట్ట కొనపై నిలిపిన గుండు వంటిది. చంద్రుడు, ఇతర గ్రహాల ఆకర్షణ, సూర్యకాంతి ఒత్తిడి వలన నౌక కొద్దిగా దారి తప్పినా, ఆ తేడా కొన్ని వారాలలోనే రెండింతలవుతుంది. ఆలస్యమైనకొద్దీ సవరణకు ఇంధన వ్యయం పెరుగుతుంది. మరోవైపు, ఇంజను మండించిన ప్రతిసారీ స్వల్ప దోషం చోటుచేసుకొంటుంది. కావున నౌక స్థానాన్ని కచ్చితంగా గణించి, అవసరమైనప్పుడు మాత్రమే సవరణ చేపడతారు.

ఆదిత్య-ఎల్1 తన తొలి హేలో ప్రదక్షిణను 178 రోజులలో పూర్తిచేసింది. ఈ కాలంలో 2024 ఫిబ్రవరి 22, జూన్ 7, జూలై 2 తేదీలలో మూడు సవరణలు మాత్రమే జరిగాయి. మూడవ సవరణతో నౌక రెండవ ప్రదక్షిణలో ప్రవేశించింది.

టీవీ ప్రసారాలందించే భూస్థిర ఉపగ్రహానికి ఏడాదికి సెకనుకు సుమారు 50 మీటర్ల మేరకు వేగ సవరణ అవసరమవుతుంది. ఎల్1 హేలో కక్ష్యలో సాధారణంగా సెకనుకు కొద్ది మీటర్ల సవరణ సరిపోతుంది.

ప్రజలకు ప్రయోజనం

1989 మార్చిలో సంభవించిన సౌర తుఫాను వలన కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. ఎల్1 వద్దనున్న నౌకను సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో దాటిన సౌర పవనం భూమిని చేరడానికి సుమారు గంట పడుతుంది. ఉపగ్రహాలు, విద్యుత్ గ్రిడ్‌ల రక్షణకు ఈ వ్యవధి ఎంతో విలువైనది. ఐదేళ్ల కాలానికి ఉద్దేశించిన ఆదిత్య-ఎల్1లో ఆదా అయ్యే ఇంధనం, సూర్యునిపై ఈ నిఘాను దీర్ఘకాలం కొనసాగించడానికి దోహదం చేస్తుంది.