పాదరసం: పంటి సిమెంటుకు గడువు 2034

భానూర్: పాదరసానికి దంతవైద్యం నుంచి వచ్చే గిరాకీ ఇక తరుగుదలే. మినమాటా ఒప్పందంలో చేరిన దేశాలు 2025 నవంబరులో జెనీవాలో సమావేశమై, పాదరసం కలిసిన పంటి సిమెంటుకు 2034 నాటికి స్వస్తి చెప్పాలని నిర్ణయించాయి. భారతదేశం ఈ ఒప్పందాన్ని 2018 జూన్‌లో ధ్రువీకరించినది. యూరప్ దేశాల కూటమిలో ఈ సిమెంటు వాడకం 2025 జనవరి 1 నుంచే నిషిద్ధం.

సరుకు ఏమిటి?

పుచ్చిన దవడ పళ్లకు పెట్టే 'వెండి సిమెంటు'లో దాదాపు సగం పాదరసం. మిగిలినది వెండి, తగరం, రాగి కలిసిన పొడి. చౌక, గట్టిదనం దీని బలం. భారత్ డైనమిక్స్ కర్మాగారం గల భానూర్ నుంచి పటాన్‌చెరు వరకు పరచుకున్న కార్మిక కుటుంబాలకు ఈ రెండూ ముఖ్యమే.

అంతర్జాతీయ విపణిలో పాదరసం ధర ఫ్లాస్కు లెక్కన పలుకుతుంది. ఫ్లాస్కు అంటే 76 పౌన్లు, సుమారు 34.5 కిలోలు. పూర్వం దంతవైద్యులు సీసాలో పాదరసం కొని, పొడితో కలిపి నూరుకునేవారు. విడి పాదరసం వాడరాదని ఒప్పంద దేశాలు 2022లో తీర్మానించాయి. ముందే కొలిచి నింపిన క్యాప్సూళ్లదే ఇప్పుడు మార్గం.

భయం ఎంత నిజం?

ఈ సిమెంటు వల్ల రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే తిరగబడే జబ్బులు వస్తాయన్న ప్రచారం చాలా కాలంగా ఉన్నది. దీనికి మూలం లేకపోలేదు. కొన్ని జాతుల ఎలుకలకు పాదరసం ఇస్తే అటువంటి జబ్బు వచ్చినది. నమిలేటప్పుడు సిమెంటు నుంచి అతి స్వల్పంగా ఆవిరి వెలువడుతుందన్నదీ నిజమే. అయితే పంటి సిమెంటే మనుషులలో ఈ జబ్బులకు కారణమని రుజువు కాలేదు. అమెరికా ఔషధ సంస్థ 2020లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్లలోపు పిల్లలు, మూత్రపిండాల జబ్బు గలవారు దీనిని వీలైనంతవరకు మానుకోవాలని సూచించినది. బాగున్న పాత సిమెంటును తీయించవద్దనీ చెప్పినది. తొలిచేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది.

కాబట్టి 2034 గడువుకు ప్రధాన కారణం ఈ జబ్బుల భయం కాదు. వాడి పారేసిన పాదరసం నీటిలో చేరి, చేపల ద్వారా తిరిగి మనిషికి చేరడం.

అసలు ముప్పు ఎక్కడ?

పాదరసం మనిషి రోగనిరోధక శక్తిని తప్పుదారి పట్టించిన దాఖలా వేరే సరుకులో దొరికినది. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య మూత్రపిండాల వడపోత పొరను దెబ్బతీసే జబ్బు కేసులు 22 చూశారు. వాటిలో 15 కేసులు 'నెల్-1' అనే ప్రోటీన్‌తో ముడిపడిన రకం. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు వాడినవారే. పాదరసం గల నాటు మందులు వాడినవారిలోనూ ఈ రకం జబ్బును వెల్లూరు వైద్యులు గుర్తించారు. వాడకం ఆపాక చాలామంది కోలుకున్నారు.

వర్తకులకు సూచన

దంతవైద్య సరుకు అమ్మేవారు పెద్ద నిల్వలకు పోక, గిరాకీ మేరకు క్యాప్సూళ్లు తెప్పించుకొనుట మేలు. ఫ్యాన్సీ సరుకు వర్తకులకు హెచ్చరిక ఇంకా గట్టిది. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం కలపరాదు. పొరపాటున చేరినా పది లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బిల్లు లేని క్రీమును ఎంత లాభమున్నా కొనకపోవుటే శ్రేయస్కరం.