సముద్ర జలం, రెండు లోహాలు: పడవ నడుచునా?

సముద్ర గర్భంలో బడబానలం రగులుచున్నదని మన ప్రాచీన కవులు వర్ణించినారు. తెలుగు పాఠంలో ఆ మాట వచ్చినపుడల్లా సైన్సు విద్యార్థులలో ఎవరో ఒకరు లేచి ఒక ప్రశ్న వేయడం మాకు అలవాటైనది. ఉప్పునీటిలో రాగి రేకును, జింకు రేకును ముంచి తీగతో కలిపితే విద్యుత్తు పుట్టును గదా, సముద్రమంతా ఉప్పునీరే గదా, అట్లయిన పడవ అడుగున రెండు పలకలు బిగించి డీజిలు లేకుండ మోటారు తిప్పరాదా అని. ఇది మా శాఖకు చెందిన విషయం కాదు. అయినను రసాయన శాస్త్ర మిత్రులతో చర్చించి తెలిసికొన్నంతవరకు ఇక్కడ వ్రాయుచున్నాము.

సూత్రంలో సందేహం లేదు. జింకు తన ఎలక్ట్రానులను సులభంగా వదలుకొనే లోహం. రాగికి అంతటి ఔదార్యం లేదు. రెండింటిని ఉప్పునీటిలో ఉంచి బయట తీగతో కలిపితే జింకు కరుగుచు ఎలక్ట్రానులను రాగివైపు పంపును. 1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా ఉప్పునీటితో తడిపిన అట్టముక్కలను లోహపు బిళ్ళల నడుమ పేర్చి నిర్మించిన విద్యుద్ఘటమాల ఇదే.

విచిత్రమేమనగా, పడవ అడుగున ఇట్టి ఘటం వోల్టా పుట్టుకకు ముందు కాకపోయినను, అతని ఘటమాలకు సుమారు నలుబది ఏండ్లకు ముందే ఎవరూ కోరకుండనే ఏర్పడినది. చెక్కను తొలిచే సముద్రపు పురుగుల బాధ తప్పించుటకు బ్రిటిషువారు 1761లో ‘అలారమ్’ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగించినారు. రేకులను బిగించినవి ఇనుప మేకులు. 1763లో పరీక్షించి చూడగా మేకులు అనేకం తినిపోయి, రేకులు ఊడిపోవుచుండెను. కాని కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులు చుట్టి తెచ్చిన కాగితం అక్కడక్కడ తీయకుండ మిగిలిపోయి రాగికి, ఇనుముకు మధ్య అడ్డుగా నిలిచినది! తాకిడి లేనిచోట ప్రవాహం లేదు, ప్రవాహం లేనిచోట క్షయం లేదు.

ఈ క్షయాన్నే రక్షణగా మలచినవాడు హంఫ్రీ డేవీ. నౌకల రాగి తొడుగు కరగకుండ దానికి చిన్న జింకు ముక్కలనో, ఇనుప ముక్కలనో తగిలించవలెనని 1824లో అతడు సూచించినాడు. రాగి నిలిచినది. అయితే కరగని రాగి నాచును, గుల్లలను చంపజాలదు గనుక అవి అడుగున దట్టంగా పట్టి ఓడల వేగం తగ్గించినవి. ఆ ప్రయత్నం అంతటితో మానుకొన్నను, నేటికిని ఉక్కు ఓడలకు జింకు దిమ్మలు బిగించుట ఆ సూత్రం మీదనే.

ఇక మన పడవ. చిన్న పడవకు 500 వాట్ల మోటారు చాలుననుకొందము. రాగి, జింకు జత సముద్రపు నీటిలో పనిచేయునపుడు ఇచ్చునది సుమారు అర వోల్టు. అనగా 1000 ఆంపియర్లు కావలెను. ఒక ఆంపియరు గంటసేపు పారిన 1.22 గ్రాముల జింకు కరుగును. కావున గంటకు కిలోకు పైగా జింకు నీటిపాలగును. అంతకంటె పెద్ద చిక్కు రాగివైపు ఉన్నది. అచటికి చేరిన ఎలక్ట్రానులను అందుకొనునది నీటిలో కరిగియున్న ఆక్సిజను. అది లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే. కదలని నీటిలో చదరపు మీటరు రాగికి ఒక ఆంపియరు దక్కుట కూడ కష్టము. ఆ లెక్కన 1000 చదరపు మీటర్ల రాగి, అనగా పాతిక సెంట్ల పొలమంత రేకును పడవ వెంట ఈడ్చుకొనిపోవలెను!

పన్నెండు వోల్టుల కొరకు ఇరువదినాలుగు జతలను వరుసగా కలుపుదమన్న వీలుపడదు. సముద్రమంతా ఒకే పాత్ర. ఒక జతలోని రాగిని పక్క జతలోని జింకుతో తీగ వేసి కలిపినంతనే అవి రెండును అదే నీటిలో మరొక ఘటమై తమ శక్తిని తామే వెచ్చించుకొనును. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గులోని నేవా నదిపై యాకోబీ డజనుకు పైగా మనుషులతో విద్యుత్ పడవ నడిపినమాట నిజమే. అతడు వాడినది నది నీరు కాదు, వేరువేరు ఘటాలలో నింపిన ఆమ్లం.

అసలు ఇంధనం సముద్రం కాదు, జింకు. ఖనిజం నుండి కిలో జింకు తీయుటకు మూడు యూనిట్లకు పైగా విద్యుత్తు వెచ్చించవలెను. పడవకు అది తిరిగి ఇచ్చునది అర యూనిటు కూడ లేదు. ‘ఉచిత శక్తి’ అని ప్రచారం చేయువారు ఈ మొదటి పద్దును చెప్పరు. డీజిలు ధరతో సతమతమగు మత్స్యకారులకు అట్టి యంత్రాన్ని అంటగట్టుట మా దృష్టిలో అన్యాయమే.

అయితే ఖర్చుకు వెరవని చోట సముద్రజలంతో పనిచేయు ఘటాలు చక్కగా సాగుచున్నవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో టార్పెడోల కొరకు మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడు ఘటాలు రూపొందినవి. సిల్వర్ క్లోరైడు తానే ఎలక్ట్రానులను అందుకొనును గనుక నీటిలోని ఆక్సిజనుతో నిమిత్తం లేదు. పొడిగా ఎన్నాళ్ళయినను నిలువయుండి, నీరు సోకగానే మేల్కొనును. విశాఖపట్టణంలోని నౌకాదళ పరిశోధనశాల రూపొందించిన ‘శ్యేన’ టార్పెడో ఇట్టి ఘటమాలతోనే నడుచును. దానికి కావలసినది కొన్ని నిమిషాల పరుగే.

శక్తి స్వల్పంగా చాలునన్న చోట కూడ ఇది ఉపకరించును. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన ఉప్పునీటి లాంతరును 2022 ఆగస్టులో విడుదల చేసినారు. దాని పేరు ‘రోష్నీ’. అర్థం మా ఉర్దూ విభాగపు విద్యార్థులను అడిగిన చాలును. ఈ జాతి దీపాలు కొన్నింటిలో రాగికి బదులు గాలి నుండి ఆక్సిజనును పీల్చు బొగ్గు పలక ఉండును, జింకు స్థానంలో మెగ్నీషియం. ఒక వాటు దీపానికి గంటకు అర గ్రాము మెగ్నీషియం చాలునని లెక్క. ఊరకే తినిపోవునది కలిపినను ఒక గ్రాముకు మించదు. రాత్రి వేటకు పోవు పడవలో వల సరిచూచుకొనుటకు ఆ వెలుగు సరిపోవును. మోటారు మాత్రం డీజిలుతోనే తిరుగుచుండును.