కొడైకెనాల్ కొండమీది బడి

నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, రాజమండ్రి ప్రాంతాలలో సువార్త పని చేసిన మిషనెరీ దొరలను, దొరసానులను గూర్చి మన సంఘ వార్షికోత్సవాలలో చెప్పుకుంటూనే ఉంటాం. వారు కట్టిన ఆసుపత్రులు, బోర్డింగు స్కూళ్లు మన కళ్లెదుటే ఉన్నాయి. అయితే వారి సొంత పిల్లలు ఎక్కడ చదువుకున్నారని అడిగేవారు అరుదు.

19వ శతాబ్దంలో పిల్లలకు ఆరేడేళ్లు రాగానే ఓడ ఎక్కించి స్వదేశానికి పంపివేయడమే అనేక కుటుంబాల ఆచారం. అక్కడ బంధువుల ఇండ్లలోనో, మిషనెరీ పిల్లల కొరకు నడిపే హోములలోనో పెరిగేవారు. తల్లిదండ్రులకు ఫర్లో సెలవు దొరకడానికి ఏళ్లు పట్టేది. ఏడేళ్ల ప్రాయంలో వెళ్లిన కొడుకు తిరిగి కంటబడేసరికి తల్లికంటె ఎత్తు ఎదిగి ఉండేవాడు. మన తాతలకు ఓనమాలు దిద్దించిన దొరసాని తన బిడ్డలకు మాత్రం ఉత్తరాలు రాసుకుంటూ కూర్చునేది. ఈ త్యాగాన్ని తల్లిదండ్రులు చేశారంటాము గాని, దానిని మోసినవారు పిల్లలే అని నాకనిపిస్తుంది.

తమిళనాడులో పళని కొండలమీద, సుమారు 7,000 అడుగుల ఎత్తున కొడైకెనాల్ ఉంది. మదురై ప్రాంతపు అమెరికన్ మిషనెరీలు జ్వరాలకు, కలరాకు తాళలేక 1845లో అక్కడ మొదటి రెండిండ్లు కట్టుకున్నారు. క్రమేణా దక్షిణ భారతమందలి అనేక మిషన్లవారు వేసవిలో అక్కడికి చేరేవారు. అప్పట్లో మోటారు రోడ్డు లేదు. కొండ అడుగు నుండి కాలిబాటన నడిచో, డోలీలలోనో పైకి వెళ్లవలసిందే.

కొడుకు షేర్వుడ్ ఎడ్డీ వై.ఎం.సి.ఎ. సేవలో మన దేశంలో ఉండగా, అతణ్ణి చూడటానికి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం నుండి తల్లి మార్గరెట్ ఎడ్డీ వచ్చింది. పిల్లలకు ఇక్కడే ఒక బడి ఉండాలని మిషనెరీలు ఆలోచించుకుంటున్న రోజులవి. 1901 జూలై 1న, అంతకుముందు హోటలుగా ఉన్న హైక్లర్క్ అనే భవనంలో 13 మంది పిల్లలతో బడి తెరిచారు. మొదటి ప్రిన్సిపాల్ ఆ తల్లే. బిడ్డను చూసుకోవాలని సముద్రం దాటి వచ్చిన స్త్రీకి ఈ పని అప్పగించబడటం దేవుని ఏర్పాటు గాక మరేమిటి?

ఇంకొక సంగతి. ఆ కాలపు ఇంగ్లీషు పాఠశాలల్లో చాలావరకు బాలురు వేరు, బాలికలు వేరు. హైక్లర్క్‌లో ఇద్దరూ కలిసి చదివారు. అన్నాచెల్లెళ్లను రెండు ఊళ్లకు పంచనక్కరలేకపోయింది.

బడి క్యాలెండరు కూడా కుటుంబాన్ని చూసి ఏర్పడిందే. ఎండాకాలంలో తల్లులు, వీలైతే తండ్రులు, కొండకు వచ్చి ఇల్లు తీసుకునేవారు. ఆ వారాలలో పిల్లలు హాస్టలు విడిచి అమ్మ దగ్గర పడుకుని బడికి వెళ్లేవారు. సంవత్సరాంతపు చల్లని నెలలలో దీర్ఘ సెలవు ఇస్తే, ట్రంకు పెట్టెలతో రైలెక్కి మన తెలుగు జిల్లాలలోని మిషన్ బంగళాలకు వచ్చేవారు. హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి షిలోహుకు తీసుకువెళ్లిన సంగతి నాకు జ్ఞాపకం వస్తుంది. సమూయేలు కొలత ఈ ఏడు ఎంతో ఆ తల్లి ఊహించి కుట్టవలసిందే కదా! వీరి ఎడబాటు అంతకంటె తగ్గింది గాని తీరలేదు. ఆరేళ్ల పిల్లకు వందల మైళ్లు దూరమే.

ప్రార్థన, సంగీతంతో పాటు ఆ బడికి పేరు తెచ్చినది కొండల్లో నడక. వీపున మూట కట్టుకుని అడవిదారుల్లో రోజుల తరబడి తిరగడం అక్కడి పిల్లలకు తరతరాల అలవాటు. 80 మైళ్ల చుట్టు నడక పూర్తిచేసినవారు ముసలితనంలో కూడా దానిని చెప్పుకుంటారు. మనవాళ్లు పిల్లల చేత పుస్తకాలే మోయిస్తారు!

ఒక మాట చెప్పక తప్పదు. ఈ బడి ముఖ్యంగా తెల్లవారి పిల్లల కొరకు ఏర్పడింది. దొరగారు ఆదివారం ఏ తెలుగు బోధకునితో కలిసి బల్లయొద్ద రొట్టె విరిచాడో, ఆ బోధకుని బిడ్డకు ఆ కొండమీద చోటులేదు. వాని చదువు క్రింద మిషన్ బోర్డింగులో. కారణాలు చెప్పవచ్చు: అమెరికా సిలబసు, ఖర్చు, స్వదేశంలో చదువు సాగాలన్న చింత. అవి నిజమే గాని, వాటితో మనస్సు సమాధానపడదు.

స్వాతంత్ర్యం తరువాత మిషనెరీల సంఖ్య తగ్గింది. బడి మూతపడనైనా పడాలి, తలుపులు తెరవనైనా తెరవాలి. తెరిచింది. 1974లో కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలుగా మారింది. 1976లో ఇంటర్నేషనల్ బాకలారియేట్ చదువును ప్రవేశపెట్టింది; మన దేశంలో ఆ చదువు చెప్పిన మొదటి బడి అదే. నేడు భారతీయులు, పరదేశులు, వివిధ మతాలవారు కలిసి చదువుతున్నారు. మార్గరెట్ ఎడ్డీ పేరిట కట్టిన ప్రార్థనాలయం ఆవరణలో ఉంది.

ఇప్పుడు జాతి అడ్డు లేదు. ఫీజు మాత్రం గ్రామ సంఘ కాపరి జీతానికి అందనంత దూరాన ఉంది.