నకలు బండే.. పొగరు అసలుదే!

అమెరికాలో 'కోబ్రా' కారు మోజు ఇంకా తీరలేదు. 1962లో కారోల్ షెల్బీ అనే ఆయన ఇంగ్లండులోని ఏసీ కంపెనీ తేలికపాటి బండికి ఫోర్డ్ వి-8 ఇంజను బిగించి దీన్ని తయారు చేయించారు. అప్పట్లో వచ్చినవి వెయ్యికి అటూ ఇటూ. మొట్టమొదటిది 2016 వేలంలో కోటీ 37 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. మామూలు మనిషికి అందే బేరమా అది? అందుకే ఫైబర్‌గ్లాస్ బాడీతో నకళ్లు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు రోడ్డెక్కే కోబ్రాల్లో చాలావరకు ఇవే.

కొనాలా, వద్దా? పేచీ ఇక్కడే. అసలు బండ్లలో పెద్దదానికి 7 లీటర్ల ఇంజను. మన పాత అంబాసిడర్‌ది ఒకటిన్నర లీటరే! నకళ్లకూ ఇంచుమించు అంత జోరున్న ఇంజన్లే బిగిస్తారు. బరువు చూస్తే టన్ను పైన కొద్దిగా. ఎయిర్‌బ్యాగులు, చక్రాల జారుడును అదుపుచేసే ఏర్పాట్లు చాలావాటిలో ఉండవు. తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం గిర్రున తిరుగుతుంది. దిగేటప్పుడు పక్కనున్న సైలెన్సర్ గొట్టం పిక్కకు తగిలి కాలుతుంది. దానికి 'పాముకాటు' అని ముద్దుపేరు కూడానూ!

రంగు చూసి మురిసిపోతే పని జరగదు. చాలా బండ్లు ఎవరో తమ షెడ్డులో బిగించుకున్నవే. వెల్డింగు, బ్రేకులు, వైరింగు తెలిసిన మెకానిక్కుకు చూపించాలి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఏ సంవత్సరం బండి అని రాశారో, బీమా ఇస్తారో లేదో ముందే తేల్చుకోవాలి. సీట్లు రెండే. వానకు పైకప్పు అంతంతమాత్రం. ఇంటావిడను ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి తెచ్చాకే అడ్వాన్సు ఇవ్వడం క్షేమం.